పాటలో గాలిమోటరు కనబడితే ముందు కాళ్ళ కింద చూడండి

జగిత్యాల దగ్గరి తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ బాపు తిరిగి రాకముందు, దుబాయిలో ఉన్న ఏళ్ళలో, అమ్మ బీడీలు చుడుతూ ఒక పాట పాడుకునేదట. గుర్తున్న నాలుగు వరుసలు రాశారు:

గాలిమోటరెక్కి పాయె నా సుక్క
మొగులు దాటి పాయె నా సుక్క
రెక్కలుంటే నేను రానా నా సుక్క
రెక్కలాడితేనె బుక్క నా సుక్క

స్నేహితుల్లో ఒకరు "చనిపోయినవాళ్ళే చుక్కలవుతారు, కాబట్టి ఇది చావు పాట" అన్నారట. ఇంకొకరు "విమానం, రెక్కలు అంటే స్వేచ్ఛ. ఇల్లు దాటి ఎగిరిపోవాలని ఆడమనిషి కోరిక" అన్నారట. ఏది సరైనది, అసలు పాటల్లో విమానం, మబ్బు, చుక్క, రెక్క వస్తే ఎట్లా అర్థం చేసుకోవాలి అని అడిగారు. ఒక షార్ట్ ఫిల్మ్ కోసం ఈ పాటకు ఇంకో చరణం రాయాలని కూడా ఉందట.

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. రెండూ కావు. ఇది చావు పాట కాదు, ఎగిరిపోవాలన్న పాట అంతకన్నా కాదు. కదలడానికి వీల్లేక కూర్చున్నచోటే ఉండిపోయిన మనిషి పాట. గాలిమోటరు (విమానం), మొగులు (మబ్బు), సుక్క అని ఆకాశం ఎన్నిసార్లు వచ్చినా పాట బరువంతా నాలుగో వరుసలోని 'బుక్క' (నోట్లో పెట్టుకునే ముద్ద) మీద పడింది. అంటే నేల మీద, బీడీలు చుట్టే చాట ముందు. ఆకాశం ఉన్న పాట విన్నప్పుడు నేను మొదట చూసేది పాడే మనిషి కాళ్ళు ఎక్కడున్నాయని. పైన ఏముందో తర్వాత చూసుకోవచ్చు.

నేను హనుమకొండలో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఎండాకాలం సెలవుల్లో టేప్ రికార్డర్ పట్టుకుని జనగామ, హుజూరాబాద్, సిరిసిల్ల, మంథని వైపు ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళ పాటలు ఎక్కించుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న పిచ్చి. మా ఊరు వరంగల్ దగ్గరి మామునూరు పక్కన. నిజాం కాలంలో 1930లో కట్టిన విమానాశ్రయం అక్కడిదే. 1981 వరకు అడపాదడపా విమానాలు దిగేవి. నా చిన్నప్పుడు అది దిగుతుందంటే పశువులను వదిలేసి పరుగెత్తేవాళ్ళం. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు మీ పాటకు వద్దాం. మాట మాట పట్టుకుని చూద్దాం.

నామవాచకం కాదు, క్రియ చూడండి. మొదటి వరుసలో 'ఎగిరిపాయె' అని లేదు, 'ఎక్కి పాయె' అని ఉంది. మన దగ్గర పాత మనుషులు విమానాన్ని గాలిమోటరు అన్నారు. ఆ మాట పుట్టినప్పుడు మోటరు అంటే బస్సు, లారీ. ఇప్పుడు మోటరు అంటే బావి కాడి పంపుసెట్టు, అది వేరే సంగతి. బస్సు ఎక్కినట్టే టికెట్ కొని ఎక్కిపోయే బండి, కాకపోతే గాలిలో పోతుంది. అంతకు మించి ఆ మాటలో మెరుపులు లేవు. రెండో వరుసలో 'దాటి', మూడో వరుసలో 'రానా'. మొత్తం పాట వెతకండి, ఎగరడం అనే క్రియ ఒక్కచోట కూడా లేదు. ఎగరడమే లేని పాటను ఎగిరే కోరిక పాట అనడం ఎట్లా కుదురుతుంది? మీ స్నేహితుడు 'విమానం' అనే బొమ్మ చూశారు, 'ఎక్కి' అనే మాట వదిలేశారు. ఈ పొరపాటు పిల్లలు పరీక్ష పేపర్లలో కూడా చేస్తారు. పక్షి అనగానే స్వేచ్ఛ, దీపం అనగానే జ్ఞానం అని బట్టీ పట్టి రాసేస్తారు.

రెక్క అంటే ఏమిటి? పాట అంతా ఈ మాట మీదే తిరుగుతుంది. తెలుగులో రెక్క పక్షిదీ, మనిషిదీ. రెక్కల కష్టం, రెక్కలు ముక్కలు చేసుకోవడం, రెక్కాడితే గానీ డొక్కాడదు: వీటిలో రెక్క అంటే చెయ్యి, భుజం, శ్రమ. మూడో వరుసలో "రెక్కలుంటే నేను రానా" అన్నప్పుడు పక్షి రెక్క. వెంటనే నాలుగో వరుసలో "రెక్కలాడితేనె బుక్క" అన్నప్పుడు చేతులు. ఎగరడానికి రెక్కలు లేవు, ఉన్న రెక్కలు ఆడకపోతే పిల్లల నోట్లోకి బుక్క పోదు. ఒకే మాటతో తలుపు తీసి, అదే మాటతో మూసేసింది. మీ అమ్మ బీడీలు చుట్టేవారని రాశారు కదా. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు పోసి, దారం చుట్టేదాకా ఆడేవి చేతులే. ఆ సంగతి తెలియకుండా నాలుగో వరుస చదివితే అది ఉత్త సామెతలా కనబడుతుంది. తెలిసి చదివితే మనిషి కనబడుతుంది.

నాకు తెలిసి ఈ శ్లేష పుస్తకంలో చదివి పెట్టినది కాదు. ప్రాస వెతుక్కుంటూ పోతే వచ్చింది. సుక్క, రెక్క, బుక్క. నోటికి దొరికిన ప్రాసే అర్థాన్ని లాక్కొచ్చింది. ఇట్లాంటిది కూర్చుని ఆలోచిస్తే రాదు, పని చేస్తుంటే వస్తుంది. చేతులు ఒక వరుసలో ఆడుతుంటే మాట కూడా ఆ వరుసకు పడుతుంది.

ఇక సుక్క. దీని మీద కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే చావు పాట అన్న మాట దీని నుంచే వచ్చింది.

మన దగ్గర సుక్క అంటే ఆకాశంలో నక్షత్రం, నుదుటి మీద బొట్టు, నీటి బొట్టు, ముగ్గులో పెట్టే చుక్క, మందు కూడా. "సుక్కేసిండు" అంటే ఎవరూ ఖగోళశాస్త్రం అనుకోరు. ముద్దు పేరు కూడా అవుతుంది. చనిపోయినవాళ్ళు చుక్కలవుతారన్న మాట పిల్లలకు చెప్పేది, నిజమే. కానీ ఆ అర్థం రావాలంటే పాటలో ఇంకో ఆనవాలు ఉండాలి: పాడె, మట్టి, తెల్లచీర, ఏదో ఒకటి. మీ నాలుగు వరుసల్లో అట్లాంటిది ఒక్కటీ లేదు. ఒక్క మాట పట్టుకుని పాట మొత్తాన్ని పాడె ఎక్కించకూడదు.

రెండో సంగతి, 'నా సుక్క' ఇక్కడ ప్రతి వరుస చివర వస్తోంది. అంటే అది పల్లవి మాట, పిలుపు. బతుకమ్మ పాటల్లో వరుస చివర 'ఉయ్యాలో' అంటాం, కొన్ని పాటల్లో 'చందమామ' అంటాం. 'ఉయ్యాలో' అన్నప్పుడల్లా ఊయల గురించి మాట్లాడుతున్నామా? 'చందమామ' కూడా అంతే, అది లయ, చప్పట్ల మధ్య ఊపిరి. మా పిల్లలకు నేనొక లెక్క చెప్పేవాణ్ణి. ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేది పెత్రమాస నాడు. అమావాస్య. ఆకాశంలో చంద్రుడే ఉండడు, కింద వాడకట్టంతా చేరి 'చందమామ' అని పాడుతుంది. రెండు మూడు రోజులకు పడమట నెలవంక కనబడి కాసేపట్లో గుంకుతుంది. సద్దుల బతుకమ్మ నాటికి అష్టమి, దక్షిణాన సగం చందమామ, అర్ధరాత్రి దాకా ఉంటాడు. తొమ్మిది రోజుల్లో ఆకాశం ఇంత మారుతుంది, పాటలో 'చందమామ' మాత్రం ఒక్కటే. కాబట్టి పల్లవి మాట మీద అర్థం బరువు మోపే ముందు ఆగండి.

అయితే పల్లవి అంటే ఖాళీ మాట అనీ కాదు. మీ అమ్మ 'ఉయ్యాలో' పెట్టుకోలేదు, 'నా సుక్క' పెట్టుకుంది. ఎందుకు? నా ఊహ చెబుతాను. రాత్రి వాకిట్లో మంచం వేసుకుని పడుకుంటే పైన పోయే విమానం ఎట్లా కనబడుతుంది? మిణుకు మిణుకుమంటూ కదిలే చుక్కలాగే. పెద్ద జెట్ విమానాలు పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పోతాయి. రెక్కలు కనబడవు, కిటికీలు కనబడవు. కనబడేది ఒక్క చుక్క. మొగుడు ఎక్కిపోయిన బండి కింది నుంచి చుక్కగా కనబడుతుంది కాబట్టి మొగుడూ చుక్కే అయ్యాడు. ఇది కూడా కింద పడుకున్న మనిషి చూపే. విమానంలో కూర్చున్నవాళ్ళకు అది చుక్క కాదు కదా, సీటు, బెల్టు, చెవుల్లో నొప్పి.

ఇక్కడ సంబంధం ఉన్న ఒక సంగతి. అంత ఎత్తు నుంచి మోత మన చెవికి చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఆ లోపు విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోతుంది. అందుకే మోత వచ్చిన దిక్కు తలెత్తి చూస్తే అక్కడ ఏమీ ఉండదు, ఇంకా ముందుకు వెతకాలి. హుజూరాబాద్ వైపు ఒక అవ్వ పాడిన పాటలో "మోత నాది, మోటరు నీది" అని ఒక ముక్క ఉంది. చాలా రోజులు దాన్ని కొడుకు మీద అలిగిన తల్లి ఎత్తిపొడుపు అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి మా డాబా మీద పడుకుని మోత విని తలెత్తితే తెలిసింది, అవ్వ చూసింది చూసినట్టు చెప్పిందని. మోత మిగిలేది కింద ఉన్నవాళ్ళకే. అంతకుముందు నేను ఆ ముక్క మీద ఒక వ్యాసం కూడా రాశాను. ఇప్పుడు తీసి చదివితే సిగ్గేస్తుంది.

మొగులు గురించి చిన్న మాట. కోస్తా మిత్రులు మొగులు అంటే ఆకాశం అని సరిపెట్టుకుంటారు. మన దగ్గర మొగులు అంటే ముఖ్యంగా మబ్బు పట్టిన ఆకాశం, వాన తెచ్చే మొగులు. "మొగులైంది, వడ్లు ఎత్తుండ్రి" అంటాం. పత్తి పెట్టిన రైతు మొగులు చూసే చూపు, ప్రేమ పాటలో మేఘాన్ని చూసే చూపు ఒకటి కావు. రైతు పాటలో మొగులు వస్తే ముందు ఏ కార్తె అని అడగాలి. రోహిణిలో మొగులు ఆశ, వరి కోతలప్పుడు మొగులు టెన్షన్. మీ పాటలో "మొగులు దాటి పాయె" ఉంది కాబట్టి మీ బాపు ఏ నెలలో బయలుదేరారో అమ్మను అడగండి. వానాకాలమైతే ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మృగశిర కాలంలో మగమనిషి పోతే నాటు, కలుపు ఆమె మీదే పడతాయి, ఆ బరువు కూడా అందులో ఉంటుంది. ఎండాకాలమైతే మొగులు అంటే 'కంటికి ఆనని దూరం' అంతే.

ఏ ఊరి నుంచి విమానం ఎక్కారో కూడా అడగండి. మన వైపు నుంచి మొదట్లో గల్ఫ్ పోయినవాళ్ళు చాలామంది బస్సులోనో రైల్లోనో బొంబాయి పోయి అక్కడ ఎక్కేవాళ్ళు. అట్లాంటి ఇంట్లో ఆడవాళ్ళకు విమానం కనబడనే లేదు, బస్టాండు దాకా వచ్చి ఆగిపోయారు. ఆ పాటల్లో గాలిమోటరు మొత్తం ఊహ. 2008 మార్చి దాకా హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో, ఊరి నడుమ. సాగనంపడానికి వచ్చినవాళ్ళకు రోడ్డు మీది నుంచే నెత్తి మీదుగా పోయే విమానం కనబడేది. ఆ తర్వాత శంషాబాద్. అక్కడ గేటు కాడ ఏడ్చి, అద్దాల వెనక తోపుడు బండి కనుమరుగయ్యేదాకా చూసి తిరిగి రావడమే. పాటలో విమానం ఎంత దగ్గరగా కనబడుతోందో చూస్తే కొన్నిసార్లు అది ఏ కాలపు పాటో కూడా అందుతుంది. ఎప్పుడూ అందుతుందని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి, లేకపోతే పెద్ద పండితుణ్ణనుకుంటారు. తొంభైల్లో ఒక కాలేజీ సెమినార్‌లో 'జానపదుల ఆధునిక స్వప్నం' అని పేపర్ చదివాను. (పేరు చూడండి.) అందులో ఒక ముసలమ్మ పాడిన పాట ఉంది. మామను పూల విమానం మీద సాగనంపారు అని వస్తుంది. నేను పుష్పక విమానం నుంచి మొదలుపెట్టి, పల్లె మనిషికి విమానం మీద మోజు ఎట్లా పెరిగిందో పావుగంట చెప్పాను. చప్పట్లు కొట్టారు. చివరన వెనక బెంచీలో కూర్చున్న ఒక పెద్దాయన, కళాకారుడు, లేచి మెల్లగా అన్నాడు: "సారూ, అది పాడె. మా వాళ్ళల్ల పెద్దమనిషి పోతే కూసోబెట్టి పూలతోని విమానం గడ్తరు." నా కాళ్ళ కింద భూమి కదిలింది. పాడింది కోడలు, పోయింది మామ, పక్కన డప్పు, అన్నీ పాటలోనే ఉన్నాయి. నేను ఒక్క 'విమానం' చూసి మిగతావి వదిలేశాను. పైన మీ స్నేహితుల గురించి వెక్కిరింపుగా రాశాను కానీ, వాళ్ళు లేని చావును చూశారు, నేను ఉన్న చావును చూడలేదు. నాదే పెద్ద తప్పు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. పాటలో విమానం అని ఉంటే అది ఎవరి విమానం అని అడుగుతాను. గుడి గురించిన పాటలో విమానం అంటే గర్భగుడి మీది శిఖరం. రామాయణం పాటల్లో పుష్పకం, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే బండి. కొన్ని ఇళ్ళలో పాడె. టికెట్ కొని ఎక్కేదాన్ని మాత్రం మన పాత ఆడవాళ్ళు ఎక్కువగా గాలిమోటరు అనే అన్నారు. టీవీలు వచ్చాక ఈ తేడా చెరిగిపోతోంది. ఇప్పటి పిల్లలు రాసే గల్ఫ్ పాటల్లో గాలిమోటరు అని ఉంటే అది అలవాటుగా వచ్చిన మాట కాదు, కావాలని ఎంచుకున్న మాట. దాన్ని అట్లాగే చదవాలి.

గల్ఫ్ పాటల్లో విమానం కన్నా నన్ను ఎక్కువ ఆపే మాట ఇంకొకటుంది: పెట్టె. రెండేళ్ళకో మూడేళ్ళకో మనిషి తిరిగొస్తే వెంట పెట్టె వస్తుంది. కంబళ్ళు, సెంటు సీసాలు, టేప్ రికార్డరు, పిల్లలకు చాక్లెట్లు. వాడకట్టంతా పెట్టె విప్పేదాకా ఇంటికి పోరు. అదే విమానంలో ఇంకో పెట్టె కూడా వస్తుంది, దాన్ని కార్గో దగ్గర సంతకం పెట్టి తెచ్చుకోవాలి. రెండింటినీ మన వైపు పెట్టె అనే అంటారు. "వాళ్ళింటికి పెట్టె వచ్చింది" అని ఎవరైనా అంటే, అన్న మనిషి ముఖం చూస్తే గానీ ఏ పెట్టో తెలియదు. పాటకు ముఖం ఉండదు కాబట్టి రాగం వినాలి, ముందు వెనక వరుసలు వినాలి. మీ అమ్మ పాటలో పెట్టె లేదు. పోవడం ఉంది, రావడం లేదు. ఇదొక్కటే మీ మొదటి స్నేహితుడి అనుమానానికి కాస్త ఊతం ఇచ్చే సంగతి. కానీ బాపు తిరిగొచ్చారని మీరే రాశారు కదా.

కాళ్ళు ఎక్కడున్నాయో చూడమన్నాను. పాత కరీంనగర్ జిల్లాలో బతుకుదెరువు అంటే "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట ఉంది. మూడుచోట్లా ఆకాశం వేరు. బొగ్గుబాయిలో దిగిన మనిషికి ఆకాశమే లేదు. అతని పాటలో చుక్క అంటే టోపీకున్న లైటు కావచ్చు, పొద్దు అంటే షిఫ్ట్ అయిపోయి పైకి వచ్చాక కళ్ళు చికిలించే వెలుతురు. గోదావరిఖని వైపు ఒక కార్మికుడు నాతో అన్నాడు, "మాకు మూడు షిఫ్టులకు మూడు తీర్ల పొద్దు" అని. బొంబాయి, భివండి మగ్గాల దగ్గరికి పోయిన నేతన్నకు ఆకాశం కార్మికులుండే వరుస గదుల (చాల్) సందులో పీలిక. దుబాయిలో ఉన్నవాడికి ఆకాశం నిండా ఉంది, వాన లేదు. అక్కడి నుంచి వచ్చిన పాటల్లో మొగులు మీద మోజు మనం ఇక్కడ కూర్చుని ఊహించలేం. ఒకే నెలవంకను మంథనిలో భార్య, షార్జాలో భర్త చూసినట్టు పాటలు చాలా ఉన్నాయి. ఇవి మాత్రం నాకు కాస్త విసుగు. అక్కడి పొద్దు మన కన్నా గంటన్నర వెనక, ఇక్కడ నెలవంక గుంకే వేళకు అక్కడ పొద్దు గుంకీ గుంకకుండా ఉంటుంది. సరే, ప్రేమలో అంత లెక్క ఎవరు చూస్తారు.

మామునూరు సంగతి ఇంకో తీరు. 2025లో విమానాశ్రయాన్ని మళ్ళీ తెరవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది, అదనపు భూమి సేకరణ మొదలైంది. వరంగల్ టౌన్ పిల్లల పాటల్లో ఇప్పుడు విమానం అంటే మా ఊరి గొప్ప. భూమి పోయే రైతు పాడుకుంటే అదే విమానం ఎకరం ధర. రేపు ఎవరైనా ఈ రెండు పాటలు పక్కన పెట్టి 'వరంగల్ పాటల్లో విమానం ప్రగతికి చిహ్నం' అని రాస్తారేమోనని నా భయం. ఎవరి కాళ్ళు రన్‌వే ఇవతల ఉన్నాయి, ఎవరి కాళ్ళు రన్‌వే కింద పోయే చెలకలో ఉన్నాయి అని చూడకుండా ఆ మాట అనకూడదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తత్వాల్లో హంస ఎగిరిపోయిందంటే ప్రాణం పోయిందని, అక్కడ వేరే అర్థం వెతకొద్దు, అది కట్టుబాటు. ఉద్యమ పాటల్లో వేగుచుక్క, ఎర్ర చుక్క, పొద్దుపొడుపు కూడా అట్లాంటి కట్టుబాట్లే. వాటిలో కొత్తగా చూడాల్సింది కవి ఆ కట్టుబాటును ఎక్కడ తప్పాడనేదే. సినిమా పాటలకు వస్తే, నింగి-పొంగి, గగనం-పయనం అన్నవి సగం సార్లు ట్యూన్‌లో ఇమిడినందుకే వస్తాయి. మంచి కవులు అట్లా ఇమిడిన మాటకు కూడా పని చెబుతారు, అది నిజమే. కానీ ట్యూన్ కట్టిన తర్వాత మాట పడిందా, మాట తర్వాత ట్యూన్ పడిందా అనేది తెలియకుండా ప్రతి 'గగనం'లోనూ తత్వశాస్త్రం వెతకడం నాకు నచ్చదు.

ఎత్తు చూపించడం ఎట్లాగో తెలుసుకోవాలంటే మన బమ్మెర పోతన్నను చూడండి, ఇప్పటి జనగామ జిల్లా ఆయనది. వామనుడు పెరిగే పద్యంలో ఆయన ఆకాశాన్ని వర్ణించడు. సూర్యబింబాన్ని ఒక్కచోట నిలబెట్టి, అది వామనుడికి మొదట గొడుగులా ఉంది, తర్వాత తల మీది మణిలా, చెవికి పోగులా, మెడలో నగలా, అట్లా దిగుతూ దిగుతూ నడుముకు గంట, కాలికి అందె, చివరికి పాదాల కింద పీట అయిందంటాడు. సూర్యుడు కదల్లేదు. మనం కింద నిలబడి చూస్తున్నాం, కొలబద్ద ఒక్కటే. మీ చరణం రాసేటప్పుడు ఇది పనికొస్తుంది. విమానం ఎంత ఎత్తు పోయిందో చెప్పొద్దు, మీ అమ్మ చూపులో ఏది దేని వెనక్కు పోయిందో చెప్పండి. వేపచెట్టు కొమ్మ, పక్కింటి వాటర్ ట్యాంకు, ఏదైనా.

చరణం గురించి ఇంకో రెండు మాటలు. 'పొగ వదులుతూ పోయింది' అని రాయకండి. పైన కనబడే తెల్ల గీత పొగ కాదు. ఇంజిన్ నుంచి వచ్చే నీటి ఆవిరి ఆ చలికి గడ్డకట్టి మంచు రేణువులైతే కనబడే గీత. పైన గాలి పొడిగా ఉంటే వెంటనే చెరిగిపోతుంది, తేమ ఉంటే చాలాసేపు నిలుస్తుంది. చిన్నప్పుడు మేమంతా దాన్ని "రాకెట్ పోయింది" అనేవాళ్ళం, పాటలో అదే మాట పెడితే ఇంకా బాగుంటుంది. రాత్రి విమానం పెడితే, ఎడమ రెక్క కొసన ఎర్ర లైటు, కుడి రెక్క కొసన ఆకుపచ్చ లైటు ఉంటాయి. రెక్క అన్న మాట మీదే నడిచే పాట మీది. ఎడమ రెక్క, కుడి రెక్క అంటే బీడీ చుట్టే రెండు చేతులూ గుర్తుకు రావాలి. దాన్ని ఎట్లా వాడుకుంటారో మీ ఇష్టం. 'నాలుగో వరుస'లాంటి వరుస మాత్రం మళ్ళీ రాయబోకండి, అది ఒక్కసారే పడుతుంది.

భాష విషయం. అమ్మ మాటలో ఉన్న 'పాయె', 'సుక్క', 'మొగులు' తీసేసి 'పోయింది', 'చుక్క', 'మబ్బు' అని దిద్దమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 'చుక్క, రెక్క, బుక్క' అన్నా ప్రాస నిలుస్తుంది, కానీ 'సుక్క'లో ఉన్న ముద్దు పోతుంది. పైగా 'మబ్బు' అంటే మీ పక్క ఊరివాళ్ళే తెల్లవారుజాము చీకటి అనుకునే ప్రమాదం ఉంది, మన దగ్గర "మబ్బుల లేచిన" అంటే అర్థం అదే కదా.

మీరు అమ్మను అడగాల్సినవి: బాపు ఏ నెలలో పోయారు, ఎక్కడ ఎక్కారు, ఈ పాట ఆమె కట్టిందా లేక బీడీల కార్ఖానాలో ఎవరి దగ్గరైనా నేర్చుకుందా. నేర్చుకున్నదైతే వేరే ఆడవాళ్ళ నోట వేరే చరణాలు తప్పకుండా ఉంటాయి, వెతకండి. ఫోన్లో రికార్డు చేస్తే కూర్చోబెట్టి పాడించకండి, చేతికి చాట ఇచ్చి పని చేస్తుంటే పాడించండి. కూర్చోబెడితే ఆడవాళ్ళు రేడియోలో పాడినట్టు పాడతారు, అసలు లయ పోతుంది. ఇంకొకటి గమనించి రాయండి: నాలుగో వరుస చివర 'నా సుక్క' అన్నప్పుడు ఆమె గొంతు పైకి లేపుతుందా, కిందికి దించుతుందా, లేక ఆ మాట దగ్గరికి వచ్చేసరికి దారం పంటితో తెంపుతూ సగంలోనే మింగేస్తుందా?